ఆన్‌లైన్‌లో డాన్ వచ్చేదాకా ఆగాలా, ఇప్పుడే టోర్నమెంటుకి వెళ్ళాలా? (గో ఆట)

పాలకొల్లు రాయి:
నమస్కారమండీ. మాది పాలకొల్లు. రొయ్యల మేత షాపులో లెక్కలు రాస్తాను. 2020 లాక్‌డౌన్‌లో ఫోన్లో గో ఆట పట్టుకున్నాను, ఇప్పటికీ వదల్లేదు. తెలియనివాళ్ళ కోసం ఒక్కమాట. బోర్డు మీద నిలువు గీతలు 19, అడ్డ గీతలు 19, మొత్తం 361 కూడళ్ళు. ఒకరివి నల్లరాళ్ళు, ఇంకొకరివి తెల్లరాళ్ళు. కూడలి మీద పెట్టిన రాయిని కదపకూడదు. నాలుగువైపులా ఊపిరాడకుండా మూసేస్తే అది చచ్చినట్టే. చివరికి ఎవరు ఎక్కువ చోటు కట్టుకుంటే వాళ్ళు గెలుస్తారు. స్థాయిలు 30 క్యూతో మొదలై 1 క్యూ దాకా వస్తాయి, అక్కణ్ణుంచి 1 డాన్, 2 డాన్ అని పెరుగుతాయి. ఆన్‌లైన్ గో సర్వర్లో నాది 4 క్యూ.

మొన్న బెంగళూరులో ఒక చిన్న టోర్నమెంటుకి వెళ్ళొచ్చాను. భీమవరంలో రైలెక్కితే దిగేసరికి మర్నాడు మధ్యాహ్నం. రానూపోనూ ఛార్జీలు, బస, తిండి, ఫీజు కలిపి ఆరువేలు దాటింది. అయిదు ఆటలాడి నాలుగు ఓడిపోయాను. ఇంటికొచ్చాక మా అన్నయ్య, "డాన్ వచ్చాక వెళ్ళాల్సింది, ఇప్పుడెందుకురా ఈ ఖర్చు" అన్నాడు. నాకు మాత్రం మళ్ళీ వెళ్ళాలనే ఉంది. చుట్టుపక్కల ఎదురుగా కూర్చుని ఆడేవాళ్ళు లేని మనలాంటివాళ్ళు ఏం చెయ్యాలి? ఆగాలా, వెళ్ళాలా? మీ అభిప్రాయం గట్టిగానే చెప్పండి.

భీమవరం కోచ్:
తమ్ముడూ, పదహారేళ్ళుగా పిల్లలకి చెస్ నేర్పుతున్నాను, గో కూడా కొంచెం ఆడతాను. మీ అన్నయ్య మాటే నా మాట. ఆరువేలకి అయిదు ఆటలంటే ఆటకి పన్నెండొందలు. అదే డబ్బు పెట్టి మంచి ప్రొఫెషనల్ దగ్గర ఆన్‌లైన్ పాఠాలు చెప్పించుకుంటే నీ ఆటలోని రోగం బయటపడేది. చెస్‌లో పిల్లల్ని ఊళ్ళు తిప్పుతాం, నిజమే. అక్కడ ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) రేటింగ్ బోర్డు మీద ఆడితేనే వస్తుంది, ఇంట్లో కూర్చుంటే రాదు, అందుకని. నీకు ఆ గొడవ లేదు. నీ స్థాయి సర్వరే చెప్తోంది.

కోనేరు హంపి 2019లో ఒకసారి, 2024లో మళ్ళీ మహిళల ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. ఆవిడకి మొదటి కోచ్ నాన్నగారే. పునాది ఇంట్లో పడింది, ప్రయాణాలు తర్వాత వచ్చాయి. నువ్వు రోజూ పొద్దున్నే చావుబతుకుల లెక్కలు ఇరవై చెయ్యి. మూలలో ఇరుక్కున్న గుంపుకి రెండు కళ్ళు, అంటే ఎదుటివాడు పూడ్చలేని రెండు ఖాళీలు, వస్తాయా రావా అని చూసే ఆ సమస్యలే. రాయి ముట్టుకోకుండా కళ్ళతోనే చెయ్యి. ఏడాది అలా చేసి, 1 డాన్ తెచ్చుకుని అప్పుడు రైలెక్కు.

కాకినాడ కోడర్:
ప్రొఫెషనల్ పాఠాలు కూడా అక్కర్లేదు సార్. 2016 మార్చిలో సియోల్‌లో కొరియా దిగ్గజం లీ సెడోల్ ఆల్ఫాగో అనే కంప్యూటర్ ప్రోగ్రాం చేతిలో 4-1తో ఓడిపోయినప్పటి నుంచి ఈ ఆట నేర్చుకునే పద్ధతే మారిపోయింది. రెండో ఆటలో 37వ ఎత్తు గుర్తుందా? అయిదో గీత మీద పెట్టింది. మనుషులు అక్కడ పెట్టడం చాలా అరుదు. 2019లో డేవిడ్ వూ కటాగో అనే గో ప్రోగ్రాం విడుదల చేశాక ఆ బలం మన ఇళ్ళలోకే వచ్చేసింది. సొమ్ము కట్టక్కర్లేదు, ఒక మోస్తరు గ్రాఫిక్స్ కార్డు చాలు. గెలుపు శాతం ఒక్కటే కాదు, ఏ ఎత్తుతో ఎన్ని పాయింట్లు పోయాయో కూడా చెప్తుంది. నేను ప్రతి ఆటా అయ్యాక అందులో వేస్తాను. ఏడాదిన్నరలో 8 క్యూ నుంచి 2 క్యూకి వచ్చాను, కాకినాడ దాటకుండా.

షిన్ జిన్‌సో సంగతే చూడండి. ఇప్పుడు ప్రపంచంలో అగ్రస్థాయి ఆటగాడు. చిన్నప్పుడు బూసాన్‌లో ఉండి ఇంటర్నెట్లోనే విపరీతంగా ఆడాడు. మనం కోనసీమలో ఉన్నా కొరియాలో ఉన్నా కటాగోకి తేడా లేదు. టోర్నమెంటు అంటే సరదా, సెలవు, నలుగురిని కలవడం. ఆట మెరుగవడానికి దానితో పని లేదు.

అరుగు మాష్టారు (అమలాపురం):
కోడర్ బాబూ, ఆ షిన్ జిన్‌సోయే 2012లో, పన్నెండేళ్ళప్పుడు, పోటీలో గెలిచి ప్రొఫెషనల్ అయ్యాడు. ఆ సగం నువ్వు చెప్పలేదు.

నేను రిటైరైన లెక్కల మాష్టారిని. చిన్నప్పుడు మా అరుగు మీద బొగ్గుతో గీసుకుని పులిజూదం ఆడేవాళ్ళం. మూడు పులులు, పదిహేను మేకలు. మేకకి కోరల్లేవు. కదలడానికి చోటు లేకుండా పులిని కట్టేయడమే దాని బలం. గో చూడగానే నాకు ఆ మేకలే గుర్తొచ్చాయి. అందుకే అరవై మూడో ఏట మొదలుపెట్టాను.

మొదటి బోర్డు నేనే చేసుకున్నాను. ప్లైవుడ్ ముక్క మీద స్కేలు పెట్టి 19 గీతలు అటూ ఇటూ సమంగా గీశాను. నల్లవాటికి చింతపిక్కలు, తెల్లవాటికి గవ్వలు. కూర్చుని చూస్తే బోర్డు నొక్కేసినట్టు, అడ్డంగా సాగినట్టు కనిపించింది. లెక్క ఎక్కడ తప్పిందా అని మూడుసార్లు కొలిచాను. తప్పలేదు. తర్వాత తెలిసింది, అసలైన బోర్డు చదరంగా ఉండదు. వెడల్పు 42 సెంటీమీటర్ల చిల్లర, పొడవు 45 చిల్లర. కూర్చున్నవాడి కంటికి వాలుగా కనబడుతుంది కాబట్టి ఆటగాడి వైపు పొడవు పెంచారు. నల్లరాయి తెల్లరాయి కన్నా పిసరంత పెద్దది, తెలుపు కంటికి ఎక్కువ పరుచుకుంటుంది కాబట్టి. ఈ ఆట మనిషి కూర్చున్న చోటు నుంచి, మనిషి కంటి నుంచి కొలిచి తయారైంది. ఫోన్లో దాన్ని పైనుంచి గద్దలా చూస్తాం. రెండూ ఒకటి కాదు, బోర్డు ముందు కూర్చుంటేనే అసలు ఆట. బాబూ, నువ్వు వెళ్ళి మంచిపని చేశావు.

పాలకొల్లు రాయి:
మాష్టారూ, ఆ బోర్డు మాట నిజమండీ. మొదటి ఆటలో నేను చేసిన తప్పు అదే. నిచ్చెన తెలుసుగా: మనం తరుముతుంటే ఎదుటివాళ్ళ రాయి అడుగడుగుకీ ప్రమాదంలో పడుతూ ఐమూలగా బోర్డు అవతలికి పరుగెడుతుంది. దారిలో వాళ్ళ రాయి ఒక్కటున్నా తప్పించుకుంటుంది. తెర మీద ఐమూల ఒక్క చూపులో దొరుకుతుంది. అక్కడ బల్ల మీద వంగి కూర్చుంటే అవతలి మూల గీతలు దగ్గర దగ్గరగా కనిపించాయి. వాళ్ళ రాయి దారిలో లేదు, ఒక గీత పక్కన ఉందనుకున్నాను. తరిమాను. ఆరు ఎత్తులయ్యాక అది దారిలోనే ఉందని తెలిసింది. అప్పటికే నా రాళ్ళు ముక్కలయ్యాయి.

రెండోది గడియారం. అసలు టైము అరగంట, అదయ్యాక ముప్పై సెకన్ల విడతలు మూడు. ఇంట్లో రాయి పెడితే సర్వరే గడియారం ఆపుతుంది. అక్కడ రాయి పెట్టిన చేత్తోనే నొక్కాలి. నేను రాయి పెట్టి, బోర్డు చూస్తూ కూర్చున్నాను. ఎదుటాయన మర్యాదగా కళ్ళతో గడియారం వైపు చూపించాడు. అలా రెండుసార్లు. మూడోసారి ఆయన చూపించలేదు, చూపించక్కర్లేదు కూడా. ఆ టెన్షన్‌లో రాయి చేతివేళ్ళ మధ్య జారి పక్క కూడలి మీద పడబోయింది.

మూడోదే నన్ను ఎక్కువ ఏడిపించింది. నాలుగో ఆటలో నేను నలుపు. తెలుపుకి రెండో ఎత్తు కాబట్టి ముందే 6.5 పాయింట్లు కలుపుతారు. ఇంకా ఇరవై ఎత్తులుండగా మనసులో లెక్కపెట్టాను: నాకు 60, ఆయనకి 52, 6.5 కలిపితే 58.5. పాయింటున్నర ముందున్నానని ధైర్యం వచ్చి, అంచు మీద ఆయన ఎక్కడ నెడితే అక్కడ తగ్గాను. ఆ తగ్గడంలో ఆయనకి రెండు పెరిగాయి. ఆ తర్వాత కోతలు పడకుండా నా చోట్లో నేనే రెండు రాళ్ళు పెట్టుకోవాల్సొచ్చింది. చివరికి నాకు 58, ఆయనకి 60.5. సర్వర్లో లెక్కపెట్టే బటన్ ఉంటుంది, ఆటయ్యాక ఫలితం అదే వేస్తుంది. ఇన్నేళ్ళలో నేను ఒక్క ఆటకి కూడా చేత్తో లెక్క వెయ్యలేదు. కోచ్ గారూ, షాపులో రోజూ లెక్కలు రాసే నాకు ఈ లోపం ఏ పాఠంలో తెలిసేదండీ?

భీమవరం కోచ్:
లెక్క రాకపోవడం నిజమైన లోపమే, ఒప్పుకుంటాను. కానీ దానికి బెంగళూరు అక్కర్లేదు. ఆన్‌లైన్ ఆట మధ్యలో 100వ ఎత్తు దగ్గర ఒకసారి, 150వ ఎత్తు దగ్గర ఒకసారి కాగితం మీద లెక్క రాసి పెట్టుకో, అయ్యాక సరిచూసుకో. నేననేది ఒకటే, బలహీనుడు పోటీకి వెళ్తే ఓడిపోయి చతికిలబడతాడు. నా దగ్గర అలా ఆట మానేసిన పిల్లలున్నారు. నాకు ఆ భయం.

అరుగు మాష్టారు (అమలాపురం):
కోచ్ గారూ, మీ భయం పిల్లల విషయంలో న్యాయమే. కానీ గో పోటీల ఏర్పాటు వేరు. చాలాచోట్ల మక్‌మహన్ పద్ధతిలో జతలు వేస్తారు. ఎవరి స్థాయిని బట్టి వాళ్ళకి మొదట్లోనే మార్కులుంటాయి, 4 క్యూ వాడు తన చుట్టుపక్కల స్థాయి వాళ్ళతోనే మొదలుపెడతాడు, గెలిస్తే పైవాళ్ళు, ఓడితే కిందివాళ్ళు. డాన్ రానివాడు డాన్ల కాళ్ళ కింద నలిగిపోడు. స్థాయి తేడా ఉంటే రాళ్ళు ముందే ఇచ్చి ఆడే పద్ధతి కూడా ఉంది: 4 క్యూకీ 1 డాన్‌కీ మధ్య నాలుగు రాళ్ళు. బలహీనుడికి కూడా చోటుంచడానికే ఈ ఏర్పాటు. ఆగమనడానికి చెస్‌లో మీకున్న కారణం ఇక్కడ లేదు.

కాకినాడ కోడర్:
మాష్టారూ, షిన్ జిన్‌సో విషయంలో మీరు అన్నది నిజం, సగమే చెప్పాను. కానీ ఒకటి. కటాగో చూపించేది సరైన ఎత్తు. ఓడినా గెలిచినా అది మొహమాటపడదు. బోర్డు దగ్గర ఎదుటివాడు ఆటయ్యాక "బాగా ఆడారండీ" అని లేచిపోతాడు.

పాలకొల్లు రాయి:
లేదండీ, లేచిపోలేదు. గెలిచినాయన నాతోపాటు గంటసేపు కూర్చుని ఆట మొదటి నుంచి మళ్ళీ పెట్టాడు. "ఇక్కడ మీరు ఎందుకు తగ్గారు?" అని అడిగాడు. ముందున్నాననుకున్నానని చెప్పాను. "నేను వెనకున్నాననుకునే నెట్టాను" అన్నాడు. ఇద్దరి లెక్కా ఒకటే, ఆయన ఎదురుతిరిగాడు, నేను ఒదిగాను. కటాగోలో వేస్తే ఆ ఎత్తుకి రెండు పాయింట్లు పోయాయని చూపించింది. అది నిజమే. నేను ఒదిగే మనిషినని మాత్రం ఆయన ముందు కూర్చున్నప్పుడే తెలిసింది.

నరసాపురం అంచు:
ఇంతసేపూ చదువుతున్నాను. మీ అందరూ రైలెక్కగలిగినవాళ్ళే. నేను ఎక్కలేను. ఇద్దరు పిల్లలు, మంచాన పడ్డ అత్తగారు, లేసు అల్లిక ఆర్డర్లు. నాకు రాత్రి పదిన్నర దాటాకే బోర్డు. 9 క్యూ. సర్వర్లో రోజుకో ఎత్తు పెట్టే ఆటలున్నాయి, వాటిల్లో టోర్నమెంట్లు కూడా జరుగుతాయి. ఒక్కో ఆట నెలల తరబడి సాగుతుంది. ఇప్పుడు నావి ఏడు నడుస్తున్నాయి. పాలు కాగేలోపు ఒకటి, బస్టాపులో ఒకటి. బోర్డు ముందు కూర్చుంటేనే అసలు ఆట అని మాష్టారు రాసినప్పుడు నా ఆటల్ని లెక్కలోంచి తీసేసినట్టనిపించింది. అల్లికలో ఒక ముడి వదులైతే పూవంతా జారిపోతుంది. నా రాళ్ళలో అలాంటి వదులు ముడి ఎక్కడుందా అని నేను రోజంతా చూస్తాను. ముప్పై సెకన్ల గడియారం ముందు కూర్చున్నవాళ్ళకి ఆ తీరిక ఉండదు.

ఒక్క సంగతి మాత్రం ఒప్పుకుంటాను. ఇంతవరకు నేను నిజం రాయి చేత్తో పట్టుకోలేదు. పట్టుకోవాలని ఉంది. బెంగళూరు పాలకొల్లుకి వస్తే నేను వస్తాను. నరసాపురం నుంచి ఎంత దూరం, అరగంట బస్సు.

అరుగు మాష్టారు (అమలాపురం):
అమ్మా, నేను రాసింది తప్పుగా తగిలింది, క్షమించు. అసలు ఆట అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. నీ ఓపిక నా ఆటలో లేదు. పాలకొల్లు మాట మంచిది. నేను రాజోలు మీదుగా చించినాడ వంతెన దాటి వచ్చేస్తాను. చింతపిక్కల బోర్డు ఉంది, ఇప్పుడు అసలు కొలతలతో ఇంకోటి కూడా చేశాను. నేను నేర్పే పిల్లలు ఇద్దరున్నారు, తొమ్మిది గీతల చిన్న బోర్డు మీద ఆడతారు. వాళ్ళనీ తెస్తాను.

పాలకొల్లు రాయి:
క్షీరారామం గుడి దగ్గర మా మావయ్యగారి ఇల్లుంది, మేడ మీద హాలు ఖాళీ. వచ్చే ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి పెట్టుకుందాం. బెంగళూరులో కొన్న బోర్డూ రాళ్ళూ ఉన్నాయి. ఫీజు లేదు. అరగంట, ముప్పై సెకన్లు మూడు విడతలు, అక్కడ పెట్టినట్టే. కోడర్ గారూ, మీరు లాప్‌టాప్ తెచ్చుకోండి, కానీ ఆటలన్నీ అయ్యాకే తెరవాలి. గడియారాలొక్కటే లేవు.

కాకినాడ కోడర్:
వస్తాను. ముందు ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాకే తెరుద్దాం, సరేనా.

భీమవరం కోచ్:
బెంగళూరు విషయంలో నా మాట మార్చుకోలేదు. పాలకొల్లు వేరు, ఖర్చు లేదు. నా దగ్గర చెస్ డిజిటల్ గడియారాలు నాలుగున్నాయి, వాటిలో ఈ ముప్పై సెకన్ల విడతల పద్ధతి కూడా ఉంది. తెస్తాను. తమ్ముడూ, లెక్క కాగితం మర్చిపోకు.

నరసాపురం అంచు:
మధ్యాహ్నం రెండింటికల్లా నేను ఇంటికి చేరాలి, అందుకని మొదటి ఆట నాది పెట్టండి. పాలకొల్లు గారూ, 4 క్యూకీ 9 క్యూకీ మధ్య నాకు అయిదు రాళ్ళు రావాలి. ఇస్తారు కదా.