విమర్శకులు మెచ్చుకుంటారా?

ప్రశ్న: కృష్ణానగర్‌లో సబ్‌టైటిల్స్ పని చేస్తాను. అమెరికన్ టీవీ డ్రామా 'బెటర్ కాల్ సాల్' పరిచయంలో 'విమర్శకుల ప్రశంసలు పొందిన సిరీస్' అని రాస్తే, 'విమర్శలొచ్చాయనుకుంటారు, మార్చండి' అని క్లయింట్ తిప్పి పంపారు. 'అవార్డులు కొల్లగొట్టిన' అని పెట్టమంటున్నారు. ఏం చేయమంటారు?

— వాళ్ల భయం ఊరికే రాలేదన్నా. రోజూ పేపర్లో 'విమర్శలు గుప్పించారు', 'తీవ్ర విమర్శలు' చదివీ చదివీ విమర్శ అంటే తిట్టే అనుకుంటున్నాం. కానీ అదే పేపరు సినిమా పేజీలో 'విమర్శకుల ప్రశంసలు' కనబడితే ఎవరూ తడబడరు.

— మూలంలో అది తిట్టు కాదండీ. సంస్కృతంలో 'మృశ్' అంటే తాకడం, తడిమి చూడడం. దానికి 'వి' చేరితే బాగా ఆలోచించడం. ఇంకో తమాషా, నాటకానికి చెప్పిన ఐదు సంధుల్లో, అంటే కథ నడిచే దశల్లో, నాలుగోదాని పేరు కూడా విమర్శే! ముఖం, ప్రతిముఖం, గర్భం అయ్యాక, చేతికందబోయిన ఫలానికి ఏదో అడ్డొచ్చి నాయకుడు సందేహంలో పడే ఘట్టం అది. ఆ తర్వాతే నిర్వహణ, అంటే ముగింపు. మన సీరియళ్లు చాలావరకు ఈ నాలుగోదాంట్లోనే ఏళ్ల తరబడి కాపురం పెడతాయనుకోండి, అది వేరే గొడవ.

— మాట పుట్టుక అలా ఉంచండి. ఈ సిరీస్‌కి 'విమర్శకుల' అన్నది తీసేస్తే అసలు సంగతే పోతుంది. అమెరికా టీవీ అవార్డులైన ఎమ్మీలకు 53 నామినేషన్లు వచ్చాయి, గెలిచింది సున్నా. ఎమ్మీ ఓట్లు టెలివిజన్ అకాడమీ సభ్యులవి, అంటే ఆ రంగంలో పనిచేసేవాళ్లవి. విమర్శకుల లెక్క వేరు. 2019లో టీవీ విమర్శకుల సంఘమైన టెలివిజన్ క్రిటిక్స్ అసోసియేషన్ డ్రామా విభాగంలో దీన్నే ఎంచింది. 2023 జనవరిలో విమర్శకులే ఇచ్చే క్రిటిక్స్ ఛాయిస్ అవార్డుల్లో ఉత్తమ డ్రామా సిరీస్ కూడా ఇదే, ఉత్తమ నటుడు బాబ్ ఓడెన్‌కర్క్. 'అవార్డులు కొల్లగొట్టిన' అంటే జనం ఎమ్మీలే అనుకుంటారు. అది అబద్ధం కిందికే వస్తుంది.

— పోనీ, 'సమీక్షకులు' అంటే?

— శుక్రవారం మార్నింగ్ షో చూసి, మధ్యాహ్నానికి రేటింగ్ ఇచ్చేవాళ్లు గుర్తొస్తారు నాకు. తప్పు కాదు గానీ, తూకం తక్కువ.

— 'ప్రశంసలు పొందిన' కూడా అరిగిపోయిన మాటే. 'మెచ్చిన' చాలదా?

— ఇది నచ్చింది. 'విమర్శకులు మెచ్చిన సిరీస్' అని పంపాను. పక్కనే 'మెచ్చిన' ఉంటే తిట్టారనుకునే వీల్లేదు, పైగా ఫోన్లో ఒక్క లైన్లో పట్టేస్తుంది. క్లయింట్ ఇంకా మెయిల్ చూడలేదు.