మగవాళ్ల యాంటీఆక్సిడెంట్ మాత్రలు వాడిన దంపతులు ఎవరైనా ఉన్నారా?

పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. వీర్య పరీక్షలో మా ఆయనకి కౌంట్ బాగానే ఉంది, కణాల కదలిక మాత్రం తక్కువని వచ్చింది. డాక్టరుగారు మాత్రలు రాశారు. డబ్బా వెనక చూస్తే జింక్, సెలీనియం, కోఎంజైమ్ క్యూ10, ఎల్-కార్నిటిన్, ఫోలిక్ యాసిడ్ అన్నీ ఒకే మాత్రలో! మూడు నెలలు వాడమన్నారు. వీర్యకణం తయారవడానికే సుమారు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి ఆ గడువు సబబే అనిపించింది.

నా బెంగ వేరే. అమెరికాలో 2,370 జంటలతో చేసిన అధ్యయనం 2020లో వెలువడింది. మగవాళ్లకి ఆరు నెలలపాటు రోజూ 5 మి.గ్రా. ఫోలిక్ యాసిడ్, 30 మి.గ్రా. జింక్ ఇచ్చారు. మందులేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లతో పోలిస్తే వీర్యం మెరుగుపడలేదు, కాన్పులూ పెరగలేదు. పైగా కడుపునొప్పి, వికారం ఎక్కువయ్యాయి. ఆయనేమో ఒక్కపూట కూడా మానకుండా ఆశగా వేసుకుంటున్నారు. ఈ మాట ఆయనతో అనడానికి నోరు రావట్లేదు.

వాడినవాళ్లు దయచేసి చెప్పండి. తర్వాతి రిపోర్టులో కదలిక పెరిగిందా? అంతకంటే ముఖ్యంగా, గర్భం నిలిచిందా? రిపోర్టు బాగుపడటం వేరు, బిడ్డ పుట్టడం వేరు కదా. వెరికోసీల్ (వృషణాల పైన సిరలు ఉబ్బడం) ఉందేమో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ముందు ఆ పరీక్ష చేయమని మేమే అడగొచ్చా?