చర్చ: మాక్ డ్రాఫ్ట్ రాసేటప్పుడు జట్టు అవసరం చూడాలా, అక్కర్లేదా?

లెక్కలపంతులు:
ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్ వస్తోందంటే ఈ గొడవ తప్పదు కాబట్టి ముందే మొదలుపెడుతున్నా. డ్రాఫ్ట్ అంటే జట్లు రెండు రౌండ్లలో వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకోవడం, ఒక్కో వంతు ఒక పిక్. ఎవరు ఎన్నో పిక్‌లో పోతారో ముందే రాసే అంచనా జాబితా మాక్ డ్రాఫ్ట్, ఎవరిది దగ్గరగా వస్తే పోటీలో వాళ్లు గెలిచినట్టు. కాలేజీ కుర్రాళ్లలో ఎవరు ఎన్నో పిక్‌లో పోతారో చెప్పడానికి జట్టులో ఏ పొజిషన్ ఖాళీగా ఉందో చూడక్కర్లేదు. కనీసం మొదటి పది పిక్‌లకైతే అస్సలు అక్కర్లేదు.

2021లో శాక్రమెంటోకి గార్డులు (బంతి నడిపేవాళ్లు) ఫాక్స్, హాలిబర్టన్ అప్పటికే ఉన్నారు. అయినా తొమ్మిదో పిక్‌లో బేలర్ కాలేజీ గార్డు డేవియన్ మిచెల్‌ని తీసుకుంది. 2025లో శాన్ ఆంటోనియో దగ్గర గార్డులు ఫాక్స్, క్యాజిల్ ఉండగానే రెండో పిక్ రట్గర్స్ గార్డు డిలన్ హార్పర్‌కి పోయింది. 2009లో మినెసోటా 5లో రూబియోని, వెంటనే 6లో జానీ ఫ్లిన్‌ని తీసుకుంది. ఇద్దరూ పాయింట్ గార్డులే! డేవిడ్సన్ కుర్రాడు స్టెఫ్ కర్రీ 7లో గోల్డెన్ స్టేట్‌కి దక్కాడు. ఖాళీలు చూసి రాసినవాళ్లకి ఈ మూడు చోట్లా సున్నాయే.

నా పద్ధతి సింపుల్. డ్రాఫ్ట్‌కి ముందు 48 గంటల్లో సవరించిన విలేఖరుల మాక్‌లు ఎనిమిదో పదో పోగుచెయ్యాలి. ప్రతి ఆటగాడికీ మీడియన్ (అంకెల్ని వరుసలో పెడితే సరిగ్గా మధ్యది) తియ్యాలి, సగటు కాదు. ఒకడికి 12, 13, 14, 14, 40 వచ్చాయనుకోండి, సగటు 18.6కి జారిపోతుంది, మీడియన్ 14 దగ్గరే నిలబడుతుంది. ఆ వరుసని అలాగే రాసెయ్యడమే.

గోదారి_పివట్:
పంతులుగారూ, మీకు పనికొచ్చేవే ఏరుకొచ్చారు. 2023లో షార్లట్ రెండో పిక్‌లో పాయింట్ గార్డు స్కూట్ హెండర్సన్‌ని వదిలి అలబామా వింగ్ (పక్కల ఆడేవాడు) బ్రాండన్ మిల్లర్‌ని ఎందుకు తీసుకుంది? పాయింట్ గార్డుగా లమెలో బాల్ ఉన్నాడు కాబట్టి. 2020లో గోల్డెన్ స్టేట్ అదే లమెలోని వదిలేసి, మెంఫిస్ యూనివర్సిటీకి మూడంటే మూడు మ్యాచ్‌లు ఆడిన వైజ్‌మన్‌ని ఎందుకు తీసుకుంది? కర్రీ ఉన్నాడు, సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడుగువాడు) లేడు.

అన్నిటికన్నా గట్టి ఉదాహరణ 2024లో జాక్ ఈడీ. పర్డ్యూ సెంటరు, 7 అడుగుల 4 అంగుళాలు, వరుసగా రెండేళ్లు జాతీయ ఉత్తమ ఆటగాడు. అయినా 22 ఏళ్లవాడని, అడుగు నెమ్మదని చాలా మాక్‌లు మొదటి రౌండ్ మధ్యకో ఇంకా కిందికో నెట్టేశాయి. మెంఫిస్ ఆ ఫిబ్రవరిలోనే స్టీవెన్ ఆడమ్స్‌ని హ్యూస్టన్‌కి పంపేసింది, సెంటర్ చోటు ఖాళీ. తొమ్మిదో పిక్ ఈడీకే ఇచ్చింది. మీ మీడియన్ దీన్ని ఎలా పట్టేది?

లెక్కలపంతులు:
అదే డ్రాఫ్ట్‌లో రెండు పిక్‌లు వెనక్కి వెళ్లండి. ఏడోది పోర్ట్‌లాండ్‌ది. సెంటర్లుగా ఎయిటన్ ఉన్నాడు, రాబర్ట్ విలియమ్స్ ఉన్నాడు, అయినా కనెక్టికట్ సెంటర్ క్లింగన్‌ని తీసుకుంది. ఎందుకు? ఇంకా పైనే పోతాడనుకున్నవాడు ఏడు దాకా మిగిలాడు కాబట్టి. మరుసటి ఏడాది అదే జట్టు, క్లింగన్ ఉండగానే, 16లో ఇంకో సెంటర్ యాంగ్ హాన్సెన్‌ని తీసుకుంది. మీ సూత్రంతో ఈడీ ఒక్కడు దొరుకుతాడు, వీళ్లిద్దరూ పోతారు.

కొత్తఅభిమాని:
తెలియక అడుగుతున్నా, ఏమనుకోకండి. ఈ మాక్‌లన్నీ ఎందుకు? కాలేజీ గణాంకాలు దించుకుని మోడల్ కడితే సరిపోదా? ఐపీఎల్ వేలానికి ముందు స్ట్రైక్ రేట్లూ ఎకానమీలూ చూసి ధర అంచనా వేస్తాం కదా, అలా.

గోదారి_పివట్:
వేలంలో ఏ జట్టైనా చెయ్యెత్తొచ్చు. ఇక్కడ వంతు వచ్చిన జట్టు మాట ఒక్కటే చెల్లుతుంది, కాబట్టి మార్కెట్ ధర అనేదే ఉండదు. అది ఒకటి. రెండోది, గణాంకాల మోడల్ చెప్పేది ఎవడు బాగా ఆడతాడని. ఎవడు ముందు పోతాడన్నది వేరే ప్రశ్న. జలెన్ బ్రన్సన్ విల్లనోవాలో మూడేళ్లు ఆడి, రెండుసార్లు టైటిల్ గెలిచి 2018లో 33వ పిక్‌లో పోయాడు. ఏ మోడల్ అతన్ని ఇష్టపడినా ఆ రాత్రి జట్లు ఇష్టపడలేదు.

పైగా శాంపిల్ చాలా చిన్నది. ఒక సీజన్ అంటే 30, 35 మ్యాచ్‌లు. 150 త్రీలు (మూడు పాయింట్ల షాట్లు) వేసి 36 శాతం కొట్టాడంటే ప్రామాణిక దోషమే దాదాపు 4 శాతం. నిజానికి 32 శాతం వాడో, 40 శాతం వాడో తేలదు. అందుకే స్కౌట్లు (జట్ల తరఫున ఆటగాళ్లని పరిశీలించేవాళ్లు) ఫ్రీ త్రో (ఎవరూ అడ్డురాకుండా వేసే షాట్) శాతం పక్కన పెట్టుకుని చూస్తారు. త్రీలు 31, ఫ్రీ త్రోలు 84 అయితే షూటింగ్ ఒడుపు బాగుందని ఆశ. అదే తిరగబడితే, త్రీలు 40, ఫ్రీ త్రోలు 62 ఉంటే, అనుమానం. ప్రత్యర్థుల స్థాయి సవరించకుండా చిన్న కాన్ఫరెన్స్ (కాలేజీల లీగ్) కుర్రాడిని, బిగ్ టెన్ లాంటి పెద్దదాని కుర్రాడిని పక్కపక్కన పెట్టకండి. వయసు కాలమ్ తప్పనిసరి: 18 ఏళ్లవాడి 15 పాయింట్లూ, 23 ఏళ్లవాడి 15 పాయింట్లూ జట్ల దృష్టిలో ఒకటి కావు.

ఫ్రిస్కో_జోన్:
మీ ఇద్దరి వాదనా పక్కదారి పట్టింది. స్థానం మారేది అవసరం వల్లా కాదు, మీడియన్ వల్లా కాదు, సమాచారం వల్ల. మాక్‌లు ఎనిమిది ఉన్నా సమాచారం వచ్చే దారులు రెండో మూడో ఉంటాయి. ఏజెంటు ఒక్కడే నలుగురు విలేఖరులకి ఒకే మాట చెబితే అది నాలుగు ఓట్లు కాదు, ఒకటే. 2022 చూడండి. డ్రాఫ్ట్ రోజు ఉదయం కూడా స్మిత్, హోమ్‌గ్రెన్, బాంకెరో అన్న వరుసే నడిచింది. ఒకటో పిక్ ఉన్న ఓర్లాండో నోరు విప్పలేదు. రాత్రికి డ్యూక్ కుర్రాడు బాంకెరో ఒకటో పిక్, స్మిత్ మూడోది. అందరి మీడియన్ తీసినా అదే తప్పు వస్తుంది.

కాబట్టి మీడియన్ పట్టాక మూడు విషయాలు విడిగా చూసి దిద్దాలి.

మొదటిది వైద్యం, అన్నిటికన్నా బరువైంది. మైకేల్ పోర్టర్ జూనియర్ వెన్ను ఆపరేషన్‌తో మిస్సోరీకి మూడు మ్యాచ్‌లే ఆడి 2018లో 14కి జారాడు. 2019లో ఆరెగాన్ బోల్ బోల్ పాదం ఎముక చిట్లి ఏకంగా 44కి. ఇలాంటివాళ్లు రెండు స్థానాలు జారి ఆగరు. ఒక్కసారి భయం పుడితే పది, ఇరవై దిగుతారు. అందుకే గాయం ఉన్నవాడికి ఒకే అంకె కాకుండా రెండు రాసుకోండి, డాక్టర్లు సరేనంటే ఒకటి, కాదంటే ఒకటి. లీగ్‌కీ ఆటగాళ్లకీ మధ్య 2023లో కుదిరిన కార్మిక ఒప్పందం తర్వాత, చికాగో కంబైన్‌కి (డ్రాఫ్ట్‌కి ముందు కొలతలు, పరీక్షల శిబిరం) పిలుపు వచ్చినవాడు వెళ్లి పరీక్షలు చేయించుకోకుండా తప్పించుకోవడం కుదరట్లేదు. దాచడం కష్టమైంది, దాంతో లీకులూ పెరిగాయి.

రెండోది, ఎవరి దగ్గర వర్కవుట్ చేశాడు, ఎవరి దగ్గర చెయ్యలేదు. 2025లో రట్గర్స్ ఏస్ బెయిలీ మూడో పిక్ ఉన్న ఫిలడెల్ఫియాకి వెళ్లాల్సింది రద్దు చేసుకున్నాడు. ఫిలడెల్ఫియా ఎడ్జ్‌కోంబ్‌ని తీసుకుంది, బెయిలీని ఐదులో యూటా. ఏజెంటు ఒక జట్టుని ఆపగలడు, తర్వాతి జట్టుని మాత్రం ఆపలేడు. అందుకే మంచి ర్యాంకు ఉన్నవాడు ఇలా బెట్టు చేస్తే రెండు మూడు స్థానాలే జారుతాడు.

మూడోది కంబైన్ కొలతలు. అదే ఏడాది వాషింగ్టన్ స్టేట్ సెడ్రిక్ కవర్డ్ భుజం గాయంతో సీజన్‌లో ఆరు మ్యాచ్‌లే ఆడాడు. చికాగోలో చేతుల చాపు 7 అడుగుల 2 అంగుళాలు దాటింది, షూటింగ్ కూడా కుదిరింది. 11వ పిక్. ఏప్రిల్ మాక్‌లు కలిపి సగటు తీసినవాడికి అతను ఎక్కడో అట్టడుగున ఉంటాడు.

ఓరుగల్లు_రీబౌండ్:
అన్నా, మీరంతా లాటరీ పిక్‌ల (మొదటి 14) దగ్గర్నే తిరుగుతున్నరు. 25 దాటినంక కథ వేరే. మొదటి రౌండ్‌ల పోతే మొదటి రెండేండ్ల జీతం ఖాయం. రెండో రౌండ్‌కి అట్లాంటి జీతాల స్కేల్ లేదు. 50 తర్వాతనైతే నన్ను తీసుకోకుండ్రి అని చెప్పేటోళ్లు కూడా ఉంటరు, తమకు నచ్చిన జట్టుతో టూ-వే కాంట్రాక్ట్ (ఎన్‌బీఏ జట్టుకీ, దాని కింది లీగ్ జట్టుకీ ఆడే ఒప్పందం) చూసుకుందామని. అక్కడ ర్యాంకుతోటి ఏం పని? సత్నామ్ సింగ్‌ని 2015ల డాలస్ 52ల తీసుకున్నది, కాలేజీల ఒక్క మ్యాచ్ ఆడకపాయె!

ఇంకోటి, డ్రాఫ్ట్ నుంచి పేరు వాపస్ తీసుకునేటందుకు ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల సంఘం) పెట్టిన గడువు అయిపోయేదాంక మాక్‌ని నమ్మకుండ్రి. కాలేజీలనే పైసలు వస్తున్నయి గదా, 25, 40 నడుమ ఉన్నోళ్లు వెనక్కి పోతున్నరు. 2025ల లెండెబోర్గ్ కంబైన్ దాంక వచ్చి పేరు వాపస్ తీసుకుని మిషిగన్‌కి పోయిండు. ఒక్కడు పోతే కిందున్నోళ్లందరు ఒక మెట్టు ఎక్కుతరు.

లెక్కలపంతులు:
ఫ్రిస్కోగారి వైద్యం మాట ఒప్పుకుంటా, గాయం ఉన్నవాళ్లకి రెండంకెలు. అవసరం విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. అసలు ఏ పిక్ ఎవరిదో ముందురోజు తెలిస్తే కదా అవసరం చూసేది? 2025లో 10, 11, 13, 16 నాలుగూ చేతులు మారాయి. న్యూ ఆర్లియన్స్ 23వ పిక్‌తోపాటు 2026 మొదటి రౌండ్ పిక్ కూడా అట్లాంటాకి ఇచ్చి మరీ 13కి ఎక్కి మేరీల్యాండ్ డెరిక్ క్వీన్‌ని తీసుకుంది. అట్లాంటా ఖాళీలు చూసి 13 నింపినవాడికి ఏం మిగిలింది?

గోదారి_పివట్:
సరే, అయితే నా పద్ధతి ఇలా దిద్దుకోండి. ఇద్దరి మీడియన్ల మధ్య తేడా రెండులోపు ఉంటేనే అవసరం చూడాలి, అంతకు మించితే ర్యాంకే. మిల్లర్, హెండర్సన్ ఇందులో పడతారు. ఈడీ పడడు, అది ఒప్పుకుంటా. కానీ పది పిక్‌ల్లో ఒక్కటి అలా పట్టుకున్నవాడే పోటీ గెలుస్తాడు.

ఫ్రిస్కో_జోన్:
గెలవడం మార్కులు ఎలా వేస్తారన్నదాన్ని బట్టి. మామూలు తీసివేతతో వేస్తే 2 అనుకున్నవాడు 5లో పోయినా, 42 అనుకున్నవాడు 45లో పోయినా తప్పు మూడే. ఇది అన్యాయం. నిష్పత్తితో వెయ్యండి: మొదటిది 2.5 రెట్లు, రెండోది 1.07. తీసుకునే జట్టు కూడా సరిగ్గా చెబితే విడిగా ఒక బోనస్, కానీ చివరికి ఎవరి దగ్గర చేరాడో ఆ జట్టుకే. 2025లో డ్యూక్ సెంటర్ మలువాచ్‌ని 10లో పిలిచింది హ్యూస్టన్, పెట్టుకున్నది హ్యూస్టన్ టోపీ, వెళ్లింది ఫీనిక్స్‌కి. అది ఫీనిక్స్ డ్యూరాంట్‌ని హ్యూస్టన్‌కి ఇచ్చిన ట్రేడ్‌లో భాగం, అధికారికమైంది జులై 6న. కాబట్టి బోనస్ లెక్కలు ఆ వారం దాటాకే కట్టండి.