చెన్నై బీచ్‌లో ఫోటోలకు ట్రైపాడ్: పది వేలలో ఏం చూసుకుని కొనాలి?

అడయారు_వాసి

ఏపీఎస్-సీ (మధ్యరకం సెన్సర్) మిర్రర్‌లెస్ కెమెరా, దాంతో వచ్చిన 18-55 మి.మీ. కిట్ లెన్స్, 70-300 మి.మీ. జూమ్ ఉన్నాయి. పెద్ద లెన్స్ తగిలిస్తే మొత్తం 1.2 కిలోలు తూగుతుంది. వాడకం ఇలా: తెల్లవారుజామున బీసెంట్ నగర్‌లో, మెరీనాలో సూర్యోదయం, ఎన్డీ ఫిల్టర్‌తో (వెలుతురు తగ్గించే నల్లద్దం) అలల లాంగ్ ఎక్స్‌పోజర్లు (సెకన్ల తరబడి తీసే ఫోటోలు), రాత్రిపూట నేపియర్ బ్రిడ్జి లైట్లు, శీతాకాలంలో అప్పుడప్పుడు పళ్లికరణై పక్షులు. బడ్జెట్ పది వేలు, తప్పదంటే పన్నెండు. నా ఎత్తు 170 సెం.మీ. బస్సులోనూ లోకల్ రైల్లోనూ మోసుకుపోవాలి.

రెండు వేల లోపు దొరికే స్టాండ్ల మీద కూడా "5 కిలోలు మోస్తుంది" అని రాస్తున్నారు. మరి పది వేలు పెట్టడం ఎందుకు? అల్యూమినియం తీసుకోవాలా, కార్బన్ ఫైబరా? కెమెరా కూర్చునే పై భాగం గుండు మీద తిరిగే బాల్ హెడ్డా, మూడు పిడుల హెడ్డా? ఉప్పుగాలికి ఏది తట్టుకుంటుంది?

మూడుకాళ్ల_ముచ్చట

డబ్బా మీది కిలోల సంగతి ముందు మర్చిపోండి. కంపెనీలన్నీ ఒకే పద్ధతిలో కొలిచి రాసే అంకె కాదది. విరగకుండా ఎంత మోస్తుందనేది ఒక లెక్క, కదలకుండా ఎంత పట్టుకుంటుందనేది ఇంకో లెక్క. మనకు పనికొచ్చేది రెండోది, అది డబ్బా మీద ఉండదు. మోటుగా ఒక సూత్రం: మీ కెమెరా, లెన్స్ బరువు 1.2 కిలోలు కాబట్టి కనీసం దానికి మూడింతలు, అంటే ఇంచుమించు 4 కిలోలకు తక్కువ రాసినదాన్ని అసలు చూడొద్దు. అంతకుమించి రాసినవాటిలో మాత్రం కాళ్లు చూసి ఎంచుకోండి.

కాళ్లంటే గొట్టాల మందం. పై గొట్టం కాదు, అందరూ చూసేది దాన్నే. అన్నిటికంటే కింద ఉండే సన్న గొట్టం చూడండి. పైన 25 మి.మీ. ఉన్న నాలుగు భాగాల కాలు సాధారణంగా 25, 22, 19, 16గా దిగుతుంది. పైన 28 ఉన్న మూడు భాగాలదైతే 28, 25, 22 దగ్గర ఆగుతుంది. గొట్టం గోడ మందం ఒకటే అయినప్పుడు వంగకుండా నిలిచే శక్తి వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఆ లెక్కన 16 కంటే 22 దాదాపు రెండున్నర రెట్లు గట్టి. తేడా ఆరు మిల్లీమీటర్లే కదా అనుకునేవాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఐదు భాగాల ట్రావెల్ స్టాండ్లు మడిస్తే ముద్దుగా ఉంటాయి, తెరిస్తే కింది గొట్టం చూపుడువేలంత కూడా ఉండదు.

రెండు వేల స్టాండ్లలో మూడు కాళ్లనూ మధ్య కడ్డీకి కలుపుతూ అడ్డపట్టీలు ఉంటాయి చూశారా, వాటి వల్ల ఏ కాలునూ విడిగా పక్కకు చాచలేరు. రాళ్ల మీద, మెట్ల మీద, ఏటవాలు ఇసుకలో అవి పనికిరావు. ఫోన్‌తో ఇంట్లో వీడియో తీసుకోవడానికైతే తప్పులేదు.

ఎత్తు లెక్క ఇలా వేయండి. 170 సెం.మీ. మనిషి కంటి ఎత్తు సుమారు 158. అందులో బాల్ హెడ్ ఎత్తు 10, కెమెరా అడుగు నుంచి వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) వరకు 8 తీసేస్తే 140. అంటే సెంటర్ కాలమ్ (మధ్య కడ్డీ) పైకి లాగకుండానే కాళ్లు 140కి రావాలి. మీ కెమెరాకు తిప్పుకునే స్క్రీన్ ఉంటే 125-130 ఉన్నా ఇబ్బంది లేదు. ప్రకటనల్లో "160 సెం.మీ." అని వేసేది ఆ కాలమ్‌ను కూడా పూర్తిగా లాగినప్పటి ఎత్తు. కాలమ్ పైకి లాగడమంటే మూడు కాళ్ల నెత్తిన ఒంటి కర్ర నిలబెట్టడమే. దాన్ని చివరి అవసరానికి ఉంచుకోండి.

హెడ్ విషయంలో మీ వాడకానికి బాల్ హెడ్డే. మూడు పిడుల హెడ్ ఒక్కో దిక్కును విడివిడిగా సరిచేస్తుంది కాబట్టి ఇంట్లో మాక్రోకు (చిన్నవాటిని అతి దగ్గరగా తీయడానికి), వస్తువుల ఫోటోలకు హాయిగా ఉంటుంది. కానీ ఆ పిడులు సంచిలో ప్రతిదానికీ తగులుకుంటాయి. బాల్ 30 మి.మీ.కి తగ్గకూడదు, 36 అయితే మేలు. కింద పాన్‌కు (కెమెరాను అడ్డంగా తిప్పడానికి) విడిగా బిగింపు ఉండాలి. ప్లేటు (కెమెరా అడుగున బిగించే పలక) ఆర్కా-స్విస్ రకమే తీసుకోండి, రేపు హెడ్ మార్చినా, ఎల్-బ్రాకెట్ (కెమెరాను నిలువుగా కూడా బిగించే ఎల్ ఆకారపు పట్టీ) కొన్నా అదే పనిచేస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో మాన్‌ఫ్రోటో కంపెనీ పాత స్టాండ్ దొరికితే ప్లేటు చూసుకోండి. ఆ కంపెనీ సొంత ఆర్‌సీ2 రకం క్లాంపులో (ప్లేటును పట్టుకునే బిగింపు) ఆర్కా ప్లేటు కూర్చోదు.

ఉప్పునీళ్లు

పై ముచ్చట బాగుంది. నేను ఇసుక, ఉప్పు గురించే చెబుతాను, చెన్నైలో ట్రైపాడ్లు ఎక్కువగా పాడయ్యేది వాటి వల్లే.

కార్బన్ అయితే తుప్పు పట్టదు అనే మాట సగమే నిజం. గొట్టానికి తుప్పు రాదు, కానీ ఆ గొట్టం చివర అతికించిన బిగింపు మర అల్యూమినియం, స్క్రూలు ఉక్కువి. కార్బన్‌కు కరెంటు పారించే గుణం ఉంది. మధ్యలో ఉప్పునీళ్లు నిలిస్తే అల్యూమినియమే ముందు తినేయబడుతుంది. తెల్లటి పొడి కనిపించిందంటే పని మొదలైందన్నమాట. కడగకపోతే రెండూ పోతాయి, కడిగితే రెండూ ఉంటాయి. పది పన్నెండు వేలలో సన్న కార్బన్ కంటే మందం అల్యూమినియం నయం. కార్బన్ తేలిక, అదురు త్వరగా అణుస్తుంది, చలిలో చేతికి చల్లగా తగలదు. ఆ మూడోది చెన్నైలో ఎవరికి కావాలి?

ఇసుకలో నిలబెట్టేటప్పుడు ముందు అన్నిటికంటే కింది భాగాన్ని కనీసం ఒక జానెడు లాగి బిగించండి. అప్పుడు ఇసుకలోకి, నీళ్లలోకి వెళ్లేది నునుపు గొట్టం మాత్రమే, బిగింపు మర పైనే ఉంటుంది. కాళ్లు పూర్తిగా తెరిచాక ఒక్కొక్క కాలినీ పట్టుకుని తడి ఇసుకలోకి ఇంక దిగనంతవరకు నొక్కండి. హారిజాన్ (సముద్రం, ఆకాశం కలిసే గీత) సరిచేసేది ఆ తర్వాతే. ముందు సరిచేస్తే మొదటి అలకే పని వృథా. అల వెనక్కి పోతూ కాలి చుట్టూ ఇసుకను తోడేస్తుంది, 20 సెకన్ల ఎక్స్‌పోజర్ మధ్యలో కెమెరా మిల్లీమీటరు ఒరిగినా చాలు, ఫోటో పాడవుతుంది. అందుకే నీళ్లు తగిలే చోట రెండు మూడు అలలు పోనిచ్చి, స్క్రీన్‌లో ఫ్రేమ్ కదలడం లేదని చూసుకుని అప్పుడు తీయండి. పొడి ఇసుకలో అయితే డబ్బా మూతలు గానీ పాత సీడీలు గానీ కాళ్ల కింద పెట్టండి. ఏటవాలులో రెండు కాళ్లు పల్లం వైపు, ఒకటి ఎగువ వైపు ఉండాలి.

తిరిగొచ్చాక అందరూ చేసే తప్పు, ఇసుక కాళ్లను అలాగే లోపలికి తోసేయడం. ఆ గరగర వినిపించిందంటే లోపలి ప్లాస్టిక్ ముక్కలు గీసుకుపోతున్నట్టే. కాళ్లు సాగదీసి ఉండగానే కుళాయి కింద మంచినీళ్లతో కడగండి. నీళ్లు బిగింపు దాకా వెళ్లి ఉంటే విప్పాల్సిందే. తిప్పే రకం బిగింపు అయితే మరను పూర్తిగా వదులు చేసి కింది గొట్టాన్ని లాగితే బయటికొస్తుంది. దాని పైకొసన రెండు సగం చిప్పల్లాంటి ప్లాస్టిక్ షిమ్‌లు (సందు నింపే పలుచటి ముక్కలు) ఉంటాయి. ఏది ఎటు తిరిగి ఉందో ఫోన్‌లో ఫోటో తీసుకున్నాకే ఊడదీయండి, లోపలి బొడిపెలు గొట్టం రంధ్రాల్లో కూర్చోవాలి. గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్, పాత టూత్‌బ్రష్. మర గాడుల్లో ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా బిగించేటప్పుడు కరకరమంటుంది. రాత్రంతా నీడలో ఆరబెట్టి, మర మీద మాత్రం పల్చగా లిథియం గ్రీజు రాయండి. షిమ్‌ల మీద, గొట్టం మీద రాస్తే కాలు జారిపోతుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టొద్దు, ఉన్న గ్రీజును కరిగించేస్తుంది. బాల్‌కు గ్రీజూ నూనె ఏదీ వద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

తిప్పే రకం కాకుండా, చిన్న పిడి మడిచి బిగించే లివర్ బిగింపు విప్పకుండా వాడుకోవడానికి సులువు. కాకపోతే కొన్నాళ్లకు వదులవుతుంది, పక్కనున్న చిన్న స్క్రూను అలెన్ కీతో పావు చుట్టు తిప్పాలి. ఆ కీ డబ్బాలో వస్తుంది, పారేయకండి. పోయినా మన ప్యారీస్ కార్నర్‌లో హార్డ్‌వేర్ కొట్లలో దొరుకుతుంది.

రాత్రి_లైట్లు

ఒక్క మాట చేర్చాలి. కాలమ్ కింది కొక్కేనికి సంచి తగిలించమని చాలామంది చెబుతారు. గాలిలో వేలాడే సంచి ఊగుతుంది, ట్రైపాడ్‌నూ ఊపుతుంది. సంచి అడుగు నేలకు ఆనేలా తగిలించండి, లేదా అసలొద్దు. కెమెరా మెడపట్టీ కూడా తీసేయండి, గాలికి అదీ జెండాలా కొట్టుకుంటుంది. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి లేస్తుంది కాబట్టి సాయంత్రాలు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

నేపియర్ బ్రిడ్జి లైట్లు కావాలంటే బ్రిడ్జి ఎక్కకండి, దూరంగా గట్టి నేల మీద నిలబడి తీయండి. బస్సు వెళ్లినప్పుడు ఏ వంతెనైనా అదురుతుంది, లక్ష రూపాయల ట్రైపాడ్ కూడా దాంతోపాటే అదురుతుంది. తప్పనిసరైతే ఒక 30 సెకన్ల షాట్ బదులు 8 సెకన్లవి నాలుగైదు తీసి, బాగున్నవి స్టాక్ చేసుకోండి (కంప్యూటర్‌లో ఒకే ఫోటోగా కలపండి).

లెన్స్‌లోనూ కెమెరా బాడీలోనూ స్టెబిలైజేషన్ (చేతి అదురును సరిచేసే ఏర్పాటు) ఆపండి. 2 సెకన్ల సెల్ఫ్ టైమర్ పెట్టండి, వేలి ఒత్తిడితో వచ్చిన అదురు అప్పటికి సద్దుమణుగుతుంది. కెమెరాలో ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ (షట్టర్ మొదటి తెర కదలిక వల్ల వచ్చే అదురు లేకుండా చేసేది) ఉంటే అది ఆన్ చేయండి. 10 స్టాప్ (వెలుతురును పదిసార్లు సగం చేసే) ఎన్డీ అంటే ఎక్స్‌పోజర్ సమయం సుమారు వెయ్యి రెట్లు: సెకనులో 1/60 వంతు కాస్తా 17 సెకన్లవుతుంది, 1/30 అయితే 34. చాలా కెమెరాల్లో 30 సెకన్లు దాటితే బల్బ్ మోడ్ (బటన్ నొక్కి ఉంచినంతసేపు షట్టర్ తెరిచి ఉండేది), రిమోట్ కావాలి, బడ్జెట్‌లో దానికీ కొంత ఉంచుకోండి.

పక్షులకు ట్రైపాడ్ మోయకండి, 70-300కి మోనోపాడ్ (ఒంటికాలి స్టాండ్) చాలు. మహాబలిపురం వెళ్లే ఆలోచన ఉంటే, ఏఎస్ఐ (భారత పురావస్తు శాఖ) కట్టడాల లోపల ట్రైపాడ్‌కు ముందస్తు అనుమతి కావాలి, గేటు దగ్గరే ఆపేస్తారు.

అడయారు_వాసి

అందరికీ థాంక్స్. షాపులో రెండు చూశాను. ఒకటి 25 మి.మీ. నాలుగు భాగాలు, 1.5 కిలోలు, మడిస్తే 42 సెం.మీ. రెండోది 28 మి.మీ. మూడు భాగాలు, 2.1 కిలోలు, మడిస్తే 62. రెండూ అల్యూమినియమే, ధర ఇంచుమించు ఒకటే. రెండో దాని హెడ్ నాసిగా అనిపించింది. షాపులో ఎలా పరీక్షించాలి?

మూడుకాళ్ల_ముచ్చట

కెమెరా, 70-300 రెండూ పట్టుకెళ్లండి. కాళ్లు పూర్తిగా తెరిచి, కాలమ్ దించి, 300 దగ్గర జూమ్ పెట్టి, లైవ్ వ్యూలో (కెమెరా స్క్రీన్ మీద) 10 రెట్లు పెద్దది చేసి దూరంగా ఒక బోర్డు మీది అక్షరం చూడండి. ఒక కాలిని వేలితో టక్కున కొట్టి, అక్షరం నిలకడకు రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి. రెండు సెకన్లలో ఆగితే మంచిది, నాలుగైదు పడితే వదిలేయండి. తర్వాత బాల్ బిగించి చేయి తీసేయండి. అక్షరం కొంచెం కిందికి జారుతుంది. ప్రతి హెడ్డూ కాస్త జారుతుంది, కానీ ఫ్రేమ్‌లోంచే వెళ్లిపోతే ఆ హెడ్ వద్దు. మీ జూమ్‌కు ట్రైపాడ్ కాలర్ (లెన్స్‌నే స్టాండుకు బిగించే పట్టీ) లేకపోతే బరువంతా ముందుకే లాగుతుంది, అందుకే ఈ పరీక్ష పెద్ద లెన్స్‌తోనే చేయాలి. చివరగా ట్రైపాడ్ నెత్తిన అరచెయ్యి పెట్టి తడిబట్ట పిండినట్టు అటూ ఇటూ మెలితిప్పండి. కాళ్ల మొదట్లో కటకటమంటే అక్కడి బోల్టులు వదులు. షాపువాళ్లు బిగించాక మళ్లీ చూడండి.

నా ఓటు రెండో దానికే. 62 సెం.మీ. బస్సులో ఇబ్బంది కాదు. విమానంలో మాత్రం ఇండిగో చేతిసంచి కొలత 55 కాబట్టి చెకిన్‌లో వేయాలి. హెడ్ నాసిదైతే కాళ్లు మాత్రమే అమ్ముతారా అని అడగండి, హెడ్ విడిగా కొనుక్కోవచ్చు. కాళ్లకూ హెడ్‌కూ మధ్య ఉండేది 3/8 అంగుళాల స్క్రూ, కెమెరాకు 1/4. హెడ్ ఊడదీసేటప్పుడు రాకపోతే బలం చూపించకండి. కాలమ్ పైన ఉన్న గుండ్రటి పళ్లేన్ని అడుగు నుంచి చూడండి, చాలావాటిలో రెండు మూడు చిన్న తలలేని స్క్రూలు హెడ్‌కు గుచ్చుకుని ఉంటాయి. అవి వదులు చేశాకే తిప్పాలి, లేకపోతే హెడ్ అడుగు గీసుకుపోతుంది.

ప్లేటు రెండు చివరలా అడుగున చిన్న స్క్రూలుంటాయి, క్లాంపు వదులైనా కెమెరా జారి పడకుండా ఆపేవి అవే. కొన్నిటిలో అవి డబ్బాలో విడిగా వస్తాయి. బిగించుకున్నాకే బీచ్‌కి బయల్దేరండి.