అప్‌డేట్: స్విమ్మింగ్ పూల్‌కి ఎలక్ట్రానిక్ మానిటర్ పెట్టించాం

గుణదలలో మా ఇంటి పూల్‌కి నీటి మానిటర్ కొనాలా, చుక్కల టెస్ట్ కిట్ చాలా అని అడిగాను కదండీ. కొన్నాం. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) వరకు బాగుంది, 7.8 దాటితే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది.

చిక్కంతా క్లోరిన్‌తోనే. మాది దాన్ని నేరుగా కొలవదు, ఓఆర్‌పీ అని, నీటికి క్రిముల్ని చంపే శక్తి ఎంతుందో మిల్లీవోల్టుల్లో చూపిస్తుంది. బెజవాడ ఎండకి క్లోరిన్ నిలవాలని సయనూరిక్ యాసిడ్ ఉన్న బిళ్లలు వేస్తాం. ఆ యాసిడ్ పెరిగేకొద్దీ, కిట్‌లో క్లోరిన్ 3 పీపీఎం ఉన్నా ఓఆర్‌పీ తక్కువే వస్తుంది. ఆ అంకె నమ్మి ఇంకో బిళ్ల వేశామా, యాసిడ్ మరింత పెరుగుతుంది!

పీహెచ్ ప్రోబ్‌ని (నీటిలో ఉండి కొలిచే కడ్డీ) పీహెచ్ 4, 7 ద్రావణాల్లో ముంచి కాలిబ్రేట్ చేస్తుండాలి, అంటే రీడింగ్ సరిచూసుకోవాలి, అరిగాక మార్చాలి. అమ్మేవాళ్లు ఈ ఖర్చు ఊసెత్తరు. ఊరెళ్లినప్పుడు మాత్రం పనికొస్తోంది. కొనేవాళ్లు ప్రోబ్ విడిగా దొరికే మోడలే తీసుకోండి.