అప్‌డేట్: స్టేడియానికి ఉన్న డబ్బు టీచరు జీతానికి ఎందుకు లేదు?

టెక్సస్‌లో మా ఆవిడ టీచరుగా పనిచేసే స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతం ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ) కొత్త స్టేడియం కడుతూ జీతాలకు మాత్రం డబ్బుల్లేవంటోందేంటని అడిగాను కదా. మీలో ఒకరు చెప్పినట్టే ఇంటి పన్ను బిల్లు తీసి చూశా. స్కూలు పన్నులో రెండు ముక్కలున్నాయి: ఎం అండ్ ఓ (రోజువారీ నిర్వహణకి), ఐ అండ్ ఎస్ (అప్పు, వడ్డీ తీర్చడానికి). జీతాలిచ్చేది మొదటిదాంట్లోంచే. రెండోది స్టేడియంలాంటివి కట్టడానికి తెచ్చిన బాండ్ల అప్పుకే, జీతానికి ఒక్క డాలరు తియ్యకూడదు. ఇన్నాళ్లూ బోర్డువాళ్లని ఊరికే తిట్టుకున్నా (కొంచెం తిట్టొచ్చులెండి).

టెక్సస్ రాష్ట్రం 2025లో చేసిన హౌస్ బిల్ 2 అనే చట్టం వల్ల, ఐదేళ్ల సర్వీసు దాటింది కాబట్టి మా ఆవిడకి ఏడాదికి 5,000 డాలర్లు పెరిగింది. 5,000 మంది లోపు పిల్లలున్న డిస్ట్రిక్టుల్లో అయితే 8,000! ఒక్కో విద్యార్థికి లెక్కగట్టి డిస్ట్రిక్టుకిచ్చే మూల నిధి మాత్రం 2019 నుంచీ 6,160 డాలర్ల దగ్గరే ఉంటే, దానిమీద 55 డాలర్లు వేశారంతే.

"ఇంక క్లాసుకి టిష్యూలు నా డబ్బుల్తో కొనను" అంది. నిన్న మళ్లీ కొనుక్కొచ్చింది.