కాల్విన్ అండ్ హాబ్స్ ఇంకా పాతబడలేదెందుకు?

నల్గొండ నుంచి:
మాది గడియారం సెంటర్ దగ్గర. డిగ్రీలో ఉన్నప్పుడు ఇంగ్లిష్ నేర్చుకోవాలని రోజూ లైబ్రరీకి పోయి పేపర్ తిరగేసేవాణ్ణి. ఎడిటోరియల్ రెండు పేరాలకే తల తిరిగేది గానీ కాల్విన్ అనే చిన్న పిల్లాడు, హాబ్స్ అనే వాడి పులి కలిసి చేసే అల్లరి గీసిన కామిక్ స్ట్రిప్ కాల్విన్ అండ్ హాబ్స్ మాత్రం ఒక్కరోజు వదల్లేదు. మొన్న మా ఏడేళ్ల పాప ఫోన్‌లో అవే చూస్తూ పడీపడీ నవ్వుతోంది. 1995 డిసెంబర్ 31న ఆగిపోయిన స్ట్రిప్, అందులో ఎన్నో మంచులో ఆటలే, మన దగ్గర మంచెక్కడిది? మరి దానికెట్లా నచ్చింది?

మహబూబ్‌నగర్ నుంచి:
అన్నా, నాకైతే అంతా ఆ పులి దగ్గరే ఉంది. పెద్దవాళ్లకు గుడ్డ బొమ్మ, కాల్విన్‌కి మాత్రం మాట్లాడే పులి. ఏది నిజమో ఆ స్ట్రిప్ సృష్టికర్త వాటర్సన్ పదేళ్లు గీసి కూడా తేల్చలేదు. మా తమ్ముడు చిన్నప్పుడు చింతబరికెను గుర్రం చేసుకొని వాకిలంతా తిరిగేవాడు, రాత్రి స్టీలు గిన్నెలో దానికి నీళ్లు పెట్టందే పండుకునేవాడు కాదు. తెల్లవారుజామున మా అమ్మ ఆ నీళ్లు చెట్టుకు పోసి ఖాళీ గిన్నె మళ్లీ అక్కడే పెట్టేది. వాడు లేచి చూసుకొని తాగిందని ఎంత సంబరపడేవాడో! అమ్మ ఎప్పుడూ వాడికి చెప్పలేదు.

మిర్యాలగూడ నుంచి, టీచర్‌ని:
నవ్వు ఒక్కటే అయితే ఇన్నేళ్లు నిలిచేది కాదు సార్. 1987లో వచ్చిన రకూన్ (అమెరికాలో ఉండే చిన్న అడవి జంతువు) పిల్ల కథ గుర్తుందా? చావుబతుకుల్లో ఉన్న పిల్ల కనిపిస్తే కాల్విన్ అమ్మ కోసం పరుగెత్తుతాడు, రోజూ వాడితో వేగలేక అరిచే ఆమె అప్పుడు మాత్రం వెంటనే వస్తుంది. అయినా అది బతకదు. ఆరో తరగతి పిల్లలకు తెలుగులో చెప్పాను. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని ఒకడు లేచి, వాళ్ల మేకపిల్ల సచ్చిపోయిన రోజు నాయిన అన్నం తినలేదని చెప్పాడు.

దేవరకొండ నుంచి:
ఇవన్నీ నిజమే కానీ ఇంకోటుంది, వాటర్సన్ సరైన టైంలో ఆపాడు. 1985లో మొదలుపెట్టి పదేళ్లకే చాలన్నాడు. బొమ్మలు, టీషర్టులు చేసి అమ్ముదామని సిండికేట్ (స్ట్రిప్‌ని పేపర్లకు అమ్మే కంపెనీ) ఏళ్ల తరబడి వెంటపడినా ఒప్పుకోలేదు. దుకాణంలో హాబ్స్ బొమ్మ దొరికితే అది ఉత్త బొమ్మేనని తేలిపోయినట్టే కదా. ఆదివారం స్ట్రిప్‌ని ముక్కలు చేయకుండా అరపేజీ వేయాలని పట్టుబట్టాడు, అందుకే ఆ అడవులు, డైనోసార్లు అంత విశాలంగా ఉంటాయి.

నల్గొండ నుంచి:
థాంక్స్ అందరికీ. మీ మాటలు చదివి రాత్రి పాపను అడిగాను, ఆ పులి బొమ్మా, నిజమా అని. "నిజమే డాడీ, వాళ్లమ్మ వచ్చినప్పుడు బొమ్మలెక్క ఉంటడు, లేకుంటే ఇంట్ల ఉండనియ్యదు గదా" అంది.